ఐబు చెప్పిన బండి

మా అమ్మీకి ఆటో ఎక్కడమంటే పెద్ద ఇమ్తెహాన్. ముందు ఆటో పక్కన నిలబడి దాన్ని కింది నుంచి పైదాకా చూస్తుంది. తర్వాత డ్రైవర్ సీటు వెనకున్న ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ‘బిస్మిల్లా’ అని కుడికాలు లేపుతుంది. కాలు సగం దాకా లేచి ఆగిపోతుంది. మోకాలు ఇక వంగదు. అప్పుడు నేను వెనక నుంచి పట్టి లేపాలి. డెబ్భై రెండేళ్ల మనిషి. జిందగీ అంతా పర్దా, హయా అంటూ బతికిన మనిషి. నడిబజార్లో కొడుకు చేత మూటలా ఎత్తించుకోవడం ఆమెకెంత షర్మిందగీనో నాకు తెలుసు. లోపల కూర్చున్నాక బురఖా సర్దుకుంటూ చాలాసేపు నా వైపు చూడదు.

ఈ ఏడాది బక్రీద్ అయిన పది రోజులకు పెద్దాసుపత్రిలో మోకాళ్లు చూపించుకుని వస్తున్నాం. అమ్మీ ఒక కాలు ఇంకా బయటే ఉండగా ఆటో కదిలింది. ముందుకాలి ఎముక మీద చర్మం లేచిపోయింది. పెద్ద దెబ్బేం కాదు. వారంలో మానింది. కానీ ఆ సాయంత్రం నా భార్యతో అమ్మీ అన్న మాట నన్ను పరేషాన్ చేసింది. “ఇంక నన్ను ఎక్కడికీ తీసుకుపోవద్దమ్మా. మందులు మీరే తెచ్చేయండి.” నంద్యాలలో ఆపా ఇంటికి కూడా నక్కో అనేసింది. ఈ వయసులో మనిషి ఒకసారి గడప దాటడం మానేస్తే ఆ గడప రోజురోజుకీ ఎత్తు పెరుగుతుంది. మా దాదీ విషయంలో అది కళ్లారా చూశాను.

కారు కొనాలని ఆ రాత్రే అనుకున్నాను. నాలాంటి వాళ్లు మన ఖాందాన్లలో చాలామంది ఉంటారని, మూడు నెలలు తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను సిగ్గుపడాల్సిన ముచ్చట కూడా ఒకటుంది. అదీ చెప్తాను.

ముందు పైసల సంగతి. తెలుగు పేపర్లో రిపోర్టర్ జీతం ఎంతో మీకు చెప్పక్కర్లేదు. నా దగ్గర జమ చేసింది 1 లక్షా 60 వేలు. “కొత్తదే తీసుకోరాదూ, లోన్ ఇస్తారు కదా” అన్నాడు దుల్హాభాయ్. అమ్మీ సూద్ అనే మాట వినగానే తస్బీహ్ ఆపి నా మొహం చూసింది. నేను ముఫ్తీని కాను, ఎవరికీ ఫత్వా ఇవ్వను. మనసు ఒప్పుకోకపోయినా ఇంటి కోసం లోన్ తీసుకున్న మంచివాళ్లు నాకు తెలుసు. నా మటుకు కాగితం మీద హిసాబ్ వేసి చూశాను. పాత కారుకిచ్చే లోన్ మీద సూద్ కొత్త కారు కంటే ఎక్కువే ఉంటుంది. 3 లక్షలకు 14 శాతం చొప్పున ఐదేళ్లనుకోండి. నెలకు దాదాపు 7 వేలు. ఐదేళ్లు అయ్యేసరికి కట్టేది 4 లక్షల 19 వేలు. కారు విలువ ఏటా తగ్గుతుంది, మనం కట్టేది మాత్రం తగ్గదు. దీన్ సంగతి పక్కన పెట్టినా, దునియా లెక్కలో కూడా నా జేబుకు అది సరిపడలేదు.

రెండు రోజుల తర్వాత ఆపా నంద్యాల నుంచి వచ్చింది. అమ్మీ తనకు అమానత్‌గా ఇచ్చి దాచిపెట్టమన్న సొమ్ము తెచ్చింది. 1 లక్షా 40 వేలు. ఉమ్రా కోసమని పదకొండేళ్లుగా కూడబెట్టిన డబ్బు. అబ్బా పోయినప్పుడు కూడా ముట్టుకోనిది.

“అమ్మీ, ఇది వద్దు. అక్కడ వీల్‌చైర్లో తవాఫ్ చేయిస్తారు, నేనే తీసుకుపోతాను” అన్నాను.

“మక్కా దాకా పోవాలంటే ముందు మన గడప దాటాలి కద బేటా” అంది.

కర్జ్‌గా తీసుకుంటానని, నెలనెలా తిరిగి ఇస్తానని ఆపా ముందు మాటిచ్చాను. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను. అమ్మీ నవ్వింది గానీ ఆ కాగితాన్ని ఆపా మడిచి పర్సులో పెట్టుకుంది. అట్లా నా చేతిలో 3 లక్షలు. అందులో సగానికి కాస్త తక్కువ ఒక ముసలి మనిషి ఉమ్రా. ఆ సొమ్ముతో తప్పు బండి కొంటే ఎవరికి మొహం చూపిస్తాను?

మా గల్లీ చివర ఒక మెకానిక్ ఉన్నారు. అందరం ఉస్తాద్ అంటాం. ముప్పై ఏళ్లుగా అదే షెడ్డు. ఆయన దగ్గరకు పోయి, “ఉస్తాద్, 3 లక్షల్లో మంచి కారు చెప్పండి” అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, “3 లక్షలుంటే 3 లక్షల కారు చూడకూడదు భాయ్. రెండున్నరది చూడాలి” అన్నారు. పాత బండి ఏది కొన్నా మొదటి నెలలోనే ఖర్చు అడుగుతుందట. టైర్లు, బ్యాటరీ, క్లచ్, ఆయిల్, ఇన్సూరెన్స్, పేరు మార్పు. వాటికోసం నలభై యాభై వేలు పక్కన పెట్టకుండా కొన్నవాడు, బండి కొన్న సంతోషం తీరకముందే అప్పు చేస్తాడని ఆయన తజుర్బా.

రెండో ప్రశ్న ఆయనే వేశారు. “ఎవరి కోసం కొంటున్నావ్?”

మా ఇంట్లో ఆ ప్రశ్నకు నాలుగు జవాబులున్నాయి. మా వాడికి పైకప్పులో అద్దం తెరుచుకునే కారు కావాలి. నా భార్యకు మంచి ఏసీ కావాలి. నిజం చెప్పాలంటే నా దిల్ వెనక డిక్కీ ఉన్న పొడుగు కారు మీదుంది. ప్రెస్ క్లబ్ ముందు ఆగితే ఇజ్జత్‌గా ఉంటుంది కదా. ఉస్తాద్ అవేవీ వినలేదు. “అమ్మీని తీసుకుపోయి తెలిసినవాళ్ల బండ్లలో కూర్చోబెట్టి చూడు. కొనేది తర్వాత” అన్నారు.

అట్లాగే చేశాం. పొడుగు కారులో సీటు కిందికి ఉంది. అమ్మీ కూర్చోవడం కాదు, పడిపోయింది. లేవడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. పక్కింటివాళ్ల జీపులాంటి పెద్ద బండికి ఆటో కంటే ఎత్తు మెట్టు. అమ్మీ దూరం నుంచే దండం పెట్టింది. మూడోది మా డెస్కులో పనిచేసే మిత్రుడి వ్యాగనార్. అమ్మీ తలుపు దగ్గర వెనక్కి తిరిగి, కుర్చీలో కూర్చున్నట్టు సీటు మీద కూర్చుంది. తర్వాత ఒక కాలు, ఇంకో కాలు మెల్లగా లోపలికి తీసుకుంది. ఎవరూ పట్టుకోలేదు. సీటు ఆమె నడుం ఎత్తులో ఉంది, తలుపు నిలువుగా పెద్దగా ఉంది. అంతే తేడా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆరామ్ అంటే మెత్తటి సీటు కాదు, సీటు ఎత్తు. మీ ఇంట్లో బుజుర్గులుంటే కారు బొమ్మలు చూడకండి, వాళ్లను తీసుకెళ్లి కూర్చోబెట్టండి.

డీజిలా పెట్రోలా అన్నది కూడా తేలిపోయింది. నెలకు మేం తిరిగేది నాలుగొందల కిలోమీటర్లు. అదీ ఎక్కువ ఊళ్లోనే. డీజిల్ బండి ఎక్కువ తిరిగేవాళ్లకు లాభం. 2020 తర్వాత వచ్చిన డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద ఆగకుండా పరిగెత్తాలి. ఊళ్లో చిన్న చిన్న దూరాలకే వాడితే మూసుకుపోయి ఖర్చు పెడుతుంది. ఇంకో మాట. 3 లక్షలకు ఒకప్పటి పెద్ద పెద్ద కార్లు కూడా దొరుకుతాయి. చూస్తే నోరూరుతుంది. కానీ కారు ధర పడిపోయినా దాని సామాన్ల ధర పడిపోదు. ఏనుగును సస్తాగా కొనొచ్చు, మేత సస్తాగా రాదు.

ఇక వెతకడం. ఊరి బయట హైవే పక్కన ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డు ఉంది. అక్కడ తెల్ల వ్యాగనార్, 2019 మోడల్, 36 వేల కిలోమీటర్లు. ధర 2 లక్షల 95 వేలు. అదే మోడల్‌కు మిగతా చోట్ల 4 లక్షల పైనే చెప్తున్నారు. ఇంజన్ గది కూడా అద్దంలా మెరుస్తోంది. నేను బయానా ఇచ్చేయడానికి తయారైపోయాను. లోపల కూర్చుని తలుపు వేశాను. అత్తరు దుకాణంలో ఉన్నంత సువాసన. ఆ సువాసన కింద ఇంకో వాసన. సన్నగా.

ఆ వాసన నాకు తెలుసు. కర్నూలు వాళ్లెవరూ మర్చిపోలేరు.

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చాయి. పాతబస్తీలో మా గల్లీలో మొదటి అంతస్తు దాకా నీళ్లు. మేం మేడ మీద రెండు రోజులున్నాం. నీళ్లు తీశాక మిగిలింది బురద. గోడల్లో, బీరువాల్లో, కితాబుల్లో, చివరికి కుట్టుమిషను సొరుగుల్లో. ఎంత కడిగినా నెలల తరబడి ఆ వాసన పోలేదు. తడి మట్టి, కుళ్లిన బట్ట, తుప్పు కలిసిన వాసన.

కారులో చెయ్యి కిందికి పెట్టి కార్పెట్ అంచు లేపాను. వేళ్లకు చెమ్మ తగిలింది. సీటు బెల్టును చివరిదాకా లాగాను. మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు. చివరి జానెడు మేర గోధుమరంగు చార. సీటు కింద పట్టాలు తుప్పు. డిక్కీలో స్పేర్ టైరు తీసి చూస్తే గుంటలో పిండిలాంటి సన్నటి మట్టి. నంబరు ఏపీ 39. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఆ ఒక్క సిరీస్ తెచ్చారు కాబట్టి, పాత రోజుల్లోలాగా 21 అంటే కర్నూలు, 16 అంటే విజయవాడ అని ప్లేటు చూసి చెప్పలేం. ఆర్‌సీ అడిగాను. మొదటి ఓనర్ అడ్రస్ విజయవాడ. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లకిళ్లు మునిగాయి కదా, ఎన్ని బండ్లు నీళ్లలో నానాయో అప్పట్లో మా పేపర్లోనే ఫొటోలు వేశాం.

“ఏం భాయ్, ఇది వరదలో మునిగిన బండి కదా?” అన్నాను.

దలాల్ కసమ్ వేశాడు. “మునగడం లేదు సార్. వానకు కొంచెం తడిసింది, అంతే.”

మునిగిన బండిని అమ్మడం నేరం కాదు. ఇన్సూరెన్స్ కంపెనీలు పూర్తిగా పాడైందని తేల్చిన బండ్లను వేలం వేస్తాయి. కొందరు బాగుచేసి అమ్ముకుంటారు. చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. కష్టమంతా దాచి అమ్మడంలో ఉంది. ఈ రోజుల్లో కారు నిండా వైర్లు, కనెక్టర్లు, చిన్న చిన్న కంప్యూటర్ పెట్టెలు. నీళ్లు తాగిన వైరు వెంటనే చావదు. ఆరు నెలలకో ఏడాదికో లోపల పచ్చగా తుప్పు పట్టి, ఒకరోజు హైవే మీద బండిని ఆపేస్తుంది. ప్రమాదంలో తెరుచుకోవాల్సిన ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. ఆ సీట్లో కూర్చునేది అమ్మీ.

అంత కోపంగా ఇంటికొచ్చి ముచ్చటంతా చెప్పాను. అమ్మీ కూర తరుగుతూ విన్నది. తర్వాత చిన్నప్పుడు మాకు చెప్పిన కథే మళ్లీ చెప్పింది. ప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యం రాశి దగ్గర ఆగి, చెయ్యి లోపలికి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందన్నాడు వ్యాపారి. మరి జనానికి కనపడేలా ఆ తడి గింజలు పైన ఎందుకు పెట్టలేదని అడిగారట. మోసం చేసేవాడు మనవాడు కాడన్నారట.

“నువ్వు కూడా చెయ్యి పెట్టి చూశావు, మంచి పని చేశావు బేటా” అంది అమ్మీ. “మీ అబ్బాది గుర్తుందా?”

గుర్తు లేకపోవడమేం. అబ్బాది టైలర్ షాపు. ప్యాంటు బట్టలు, షర్టు బట్టలు కూడా అమ్మేవారు. వరదలో తాన్లన్నీ మునిగాయి. అమ్మీ, ఆపా కలిసి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేస్తే చూసేవాడికి కొత్త బట్టే. పక్క షాపువాళ్లు అట్లాగే అమ్మేస్తున్నారు. అబ్బా మాత్రం నన్ను పిలిచి పలక చేతికిచ్చారు. ఉర్దూలో ఆయనే రాశారు, తెలుగులో నన్ను రాయమన్నారు. ‘వరద నీళ్లలో తడిసిన బట్ట. సగం ధర.’ ఉర్దూ మీడియంలో చదివి, ఖాందాన్లో అందరూ నవ్వుతుంటే తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. నా తెలుగు చదువు మా అబ్బాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే అనుకుంటాను. ఆ బట్ట పోయింది, నష్టం వచ్చింది. ఆ ఏడాది మా ఇంట్లో ఈద్‌కు కొత్త బట్టలు లేవు.

అమ్మీ తరిగిన కూర పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఎందుకంటే నాకు గుర్తొచ్చింది అబ్బా ఒక్కరే కాదు.

పోయిన ఏడాది నా పాత స్కూటర్ అమ్మాను. 18 వేలకు. కొన్నది ఇంటింటికీ భోజనం పార్సిళ్లు చేరవేసే కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆ స్కూటర్‌కు ఒక ఐబు ఉంది. ఇరవై నిమిషాలు బాగా నడుస్తుంది. అరగంట దాటితే ఇంజన్ వేడెక్కి ఆగిపోతుంది, చల్లారేదాకా ముట్టుకోనివ్వదు. ఆఫీసుకు పోయిరావడానికి నాకు పది నిమిషాలే కాబట్టి నేను నెట్టుకొచ్చాను. అతనికి ట్రయల్ కూడా పది నిమిషాలే ఇచ్చాను. అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఇది అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వారం తర్వాత అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి, “ఇచ్చినప్పుడు బాగానే ఉండింది కద తమ్ముడూ” అన్నాను. రెండోసారి ఎత్తలేదు.

హైవే యార్డులో ఆ దలాల్ అన్న మాటకూ, నేనన్న మాటకూ ఎంత దూరం? పైగా అతను నాకు తెలియనివాడు. నేను అబ్బా పలక రాసినవాణ్ణి.

మూడు రోజులు నమాజులో కూడా మనసు నిలవలేదు. నాలుగో రోజు అతని నంబరు వెతికి ఫోన్ చేశాను. రాజ్‌విహార్ సెంటర్ దగ్గర టీ కొట్టు ముందు కలిశాడు. అదే స్కూటర్. “ఇంజన్ పనికి 4,200 అయింది సార్. రెండు రోజులు డ్యూటీ పోయింది” అన్నాడు. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. 5 వేలు చేతిలో పెట్టి, “నాకు తెలిసే దాచాను, మాఫ్ చెయ్యి” అన్నాను. అతను నోట్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. “సరే సార్” అన్నాడు. ఆర్డర్ వచ్చిందని ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. మాఫ్ చేశానని అనలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. కారు బజెట్ 2 లక్షల 95 వేలైంది.

ఆ తర్వాత కార్లను చూసే నా చూపు మారింది. ఐబు లేని పాత బండి కోసం వెతకడం మానేశాను. పదేళ్లు తిరిగిన బండికి ఐబు లేకపోవడమేమిటి, మనకే ఉన్నాయి. ఐబు చెప్పే మనిషి కోసం వెతికాను.

ఆ మనిషి నంద్యాలలో ఆపా వాళ్ల వీధిలోనే ఉన్నారు. రిటైరైన లెక్చరర్. పిల్లలు బెంగళూరుకు పిలిపించుకుంటున్నారని కారు అమ్ముతున్నారు. 2014 వ్యాగనార్, ఏపీ 21 నంబరు, ఒకే ఓనర్, 61 వేల కిలోమీటర్లు. ఉస్తాద్‌ను బతిమాలి వెంట తీసుకుపోయాను. వెళ్లేముందు ఉస్తాద్ ఒక షరతు పెట్టారు. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పమన్నారు. వేడిగా ఉన్న ఇంజన్ తన జబ్బు దాచుకుంటుందట. నాకు నా స్కూటర్ గుర్తొచ్చి నోరెత్తలేదు.

లెక్చరర్ సారు మేం కూర్చోగానే చాయ్ కంటే ముందు ఒక కాగితం ఇచ్చారు. వెనక ఎడమ తలుపు గేటుకు తగిలింది, 2019లో రంగు వేయించారు. మధ్యాహ్నం ఎండలో బండి ఆగి ఉంటే ఏసీ చల్లదనం తగ్గుతుంది. క్లచ్ గట్టిపడింది, ఏడాదిలో మార్చాలి. టైర్లు పాతవి. మొత్తం నాలుగు ఐబులు, ఆయన చేతిరాతలో. పక్కన ఫైలు నిండా సర్వీసు బిల్లులు.

ఉస్తాద్ ఆ కాగితం చదివి కూడా తన పని తను చేశారు. మంచి మనిషి మీద నమ్మకం వేరు, బండి చూడటం వేరు అన్నారు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి చల్లగా ఉందని చూశారు. స్టార్ట్ చేసి పొగ చూశారు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు, నల్లగా వస్తే పెట్రోల్ ఎక్కువ కాలుతున్నట్టు, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతున్నట్టు. ఇక్కడ ఏదీ లేదు. ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూశారు. మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే ఆయిల్‌లో నీళ్లు చేరాయని అనుమానించాలి. అదీ లేదు. టైరు పక్కన గుడ్డుగీతలో నాలుగంకెలు చూపించారు. 1118. అంటే 2018లో పదకొండో వారంలో తయారైంది. సారు చెప్పింది నిజమే. బిల్లుల్లో కిలోమీటర్లు ఏడాదేడాదికి వరసగా పెరుగుతున్నాయా అని నన్ను చూడమన్నారు. మీటరు వెనక్కి తిప్పినవాళ్లు దొరికేది అక్కడే. తర్వాత గుంతల రోడ్డు మీదికి తీసుకుపోయి, అద్దాలు దించి, పాటలు ఆపి, కింది నుంచి ఏం చప్పుడొస్తుందో విన్నారు. నేను కార్పెట్ లేపాను, సీటు బెల్టు చివరిదాకా లాగాను. సారు నవ్వారు. “కర్నూలు వాళ్లా?” అన్నారు.

కాగితాల్లో ఒక చిక్కు వచ్చింది. ఆయన కొన్నప్పటి బ్యాంకు లోన్ 2017లోనే తీరిపోయింది గానీ, ఆర్‌సీలో ఆ బ్యాంకు పేరు అలాగే ఉంది. చాలామంది తీసేయించరు. అట్లా ఉంటే బండి మన పేరుకు మారదు. బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్ లెటర్, ఫారం 35 రెండూ కావాలి. అవి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దని ఉస్తాద్ అంటే, “ఇవ్వకండి, నేనైనా ఇవ్వను” అన్నారు సారే. తొమ్మిది రోజులు ఆగాం. పాత చలాన్లు రెండుంటే ఆయన కట్టేశారు. ఫారం 29, 30 మీద సంతకాలు, అమ్మిన కాగితం మీద తేదీతోపాటు టైము కూడా రాసుకున్నాం. ఆ నిమిషం తర్వాత బండి ఏం చేసినా జిమ్మేదారీ నాది. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మన పేరుకు మార్చుకోవాలి. క్లెయిము చేయనందుకు ఆయనకు వచ్చే తగ్గింపు బండితో రాదు, ఆయనతోనే పోతుంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఈ బండికి 2029 దాకా ఉంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. తెలంగాణ బండి కొనేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. ధరలో కనిపించిన లాభం అందులో పోవచ్చు.

సారు అడిగింది 2 లక్షల 80 వేలు. ఉస్తాద్ ఆయన ఐబుల కాగితాన్నే ముందు పెట్టి, క్లచ్‌కు ఇంత, టైర్లకు ఇంత అని లెక్క చెప్పారు. 2 లక్షల 55 వేలకు సౌదా కుదిరింది. ఐబు చెబితే ధర తగ్గుతుంది, నిజమే. అబ్బాకూ తగ్గింది. సారుకూ 25 వేలు తగ్గింది. కానీ కొన్నవాడు రాత్రి పడుకునేటప్పుడు ఆ మనిషికి దువా చేస్తాడు. నేను చేశాను.

క్లచ్‌కు 8,500. నాలుగు టైర్లు 14,400. ఆయిల్, ఫిల్టర్లు, సర్వీసు 4,600. ఇన్సూరెన్స్ 6,800. పేరు మార్పు ఖర్చులు 1,700. మొత్తం కలిపి 2 లక్షల 91 వేలు. చేతిలో 4 వేలు మిగిలాయి. వాటితో ఆపా దగ్గర అమ్మీ ఉమ్రా ఖాతా మళ్లీ తెరిచాను. మా వాడు కారు పైకప్పు వైపు ఒకసారి చూసి ఏమీ అనలేదు. ఏసీ ఐబు గురించి నా భార్య రోజూ మధ్యాహ్నం గుర్తుచేస్తుంది. ప్రెస్ క్లబ్ ముందు ఆపితే ఎవరూ తల తిప్పి చూడరు.

మొదటి జుమ్మా రోజు నమాజ్ అయ్యాక నంద్యాల బయల్దేరాం. బండి గడప ముందు ఆపి ముందు తలుపు తీశాను. అమ్మీ రెండు నిమిషాలు నిలబడి కింది నుంచి పైదాకా చూసింది, ఆటోను చూసినట్టే.

“దీనికి ఐబులేమిటో చెప్పు ముందు” అంది.

నాలుగూ చెప్పాను. విని తల ఊపింది. వెనక్కి తిరిగి, తలుపు పట్టుకుని, ‘బిస్మిల్లా’ అని సీటు మీద కూర్చుంది. ఒక కాలు లోపలికి తీసుకుంది. కాసేపాగి రెండోది. నేను చెయ్యి చాచాను గానీ ఆమె పట్టుకోలేదు. అవసరం రాలేదు. బురఖా సర్దుకుని నా వైపు తిరిగి చూసింది.

“హౌ, చలో” అంది.